మోకాలు, భుజం, ఏడాది తరవాతి మాట

పొంతన లేకుండా మాట్లాడేవాణ్ణి చూసి "మోకాలికీ బోడిగుండుకీ ముడిపెడుతున్నాడు" అంటాం. మోకాలికీ భుజానికీ ముడిపెడితే మాత్రం నవ్వనక్కరలేదు. పీటమీంచి లేవాలన్నా, కొండమెట్లు ఎక్కాలన్నా మోకాలు కావాలి. అటకమీది డబ్బా దించాలన్నా, జడ అల్లుకోవాలన్నా భుజం కావాలి. ఈ రెంటిలో ఏది మొరాయించినా ఇంట్లో పుట్టే ప్రశ్న ఒకటే: "ఆపరేషను చేయించాలా, అక్కరలేదా?"

ఆ ప్రశ్న పుట్టిన ఇంట్లో సలహాలకు కరువుండదు. "మా బావగారు చేయించుకున్నారు, ఇప్పుడు గుర్రంలా నడుస్తున్నారు" అంటారొకరు. "మా పిన్ని చేయించుకుని మంచం పట్టింది" అంటారింకొకరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాని ఆపరేషను లేకపోయినా బావగారికి తగ్గి ఉండేదేమో, ఎవరికి తెలుసు? ఒక్కరిని చూసి చెప్పలేం. ఒకే బాధ ఉన్నవాళ్ళను వందలమందిని తీసుకుని, కొందరికి చేసి, కొందరికి చేయకుండా ఉంచి, ఏడాది తరవాత అందరినీ పలకరించి చూడాలి.

ఏడాది తరవాత పలకరించి తీరాలని పట్టుబట్టిన మనిషి ఒకాయన ఉండేవారు. ఆయన అమెరికాలో బోస్టన్ నగరపు శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ ఆమొరీ కాడ్‌మన్. రోగి ఆస్పత్రి విడిచిననాడే "జయప్రదం" అని రాసుకుంటే చాలదనీ, ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టి, ఏడాది గడిచాక ఫలితమేమిటో, బాగుపడకపోతే కారణమేమిటో అందులో రాయాలనీ ఆయన వాదం. 1911లో సొంత ఆస్పత్రి పెట్టుకున్నారు. 1916 దాకా అక్కడ చికిత్స పొంది వెళ్ళిన 337 మంది విషయంలో జరిగిన 123 పొరపాట్లను తామే అచ్చువేసి ప్రకటించారు. తోటి వైద్యులకు ఈ పద్ధతి గిట్టలేదు. 1915లో ఒక సభలో నగరంలోని పెద్ద డాక్టర్లను ఎగతాళి చేసే వ్యంగ్యచిత్రం ప్రదర్శించేసరికి మరీ దూరమయ్యారు. భుజం బిగుసుకుపోయే జబ్బుకు 1934లో "ఫ్రోజెన్ షోల్డర్" అని పేరు పెట్టింది ఆయనే. నడుం వంచి, చేతిని గడియారపు లోలకంలా ఊపమని ఈనాడు చెప్పే కసరత్తు కూడా ఆయన పేరుమీదే ఉన్నది. 1940లో కన్నుమూశారు. ఆయన సమాధికి పేరుగల రాయి పెట్టింది 2014లో!

ఈలోగా కీళ్ళ వైద్యం చాలా ముందుకు పోయింది. 1918లో జపానుకు చెందిన తకాగి అనే వైద్యుడు సన్నని గొట్టంలోంచి మోకాలి లోపలి భాగాన్ని చూశాడు. ఆయన శిష్యుడు వటనాబె 1962లో అటువంటి గొట్టం సాయంతోనే, మోకాలిలో చిరిగిన మెనిస్కస్ ముక్కను తీసివేశాడు. మెనిస్కస్ అంటే రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే చంద్రవంక ఆకారపు పలక. పెద్ద కోత లేదు, నెలల తరబడి మంచం లేదు. ఇంత సుకుమారమైన చికిత్స ఎవరికి నచ్చదు? ప్రపంచమంతా పాకింది.

కాడ్‌మన్ ప్రశ్నను దీనికి గట్టిగా వేసినవాళ్ళు 2002లో అమెరికాలోని హ్యూస్టన్ వైద్యులు. మోకాళ్ళు అరిగిన 180 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు లోపల గీకి శుభ్రం చేశారు. ఒక జట్టుకు కడిగి ఊరుకున్నారు. మూడో జట్టుకు చర్మంమీద గాట్లు పెట్టి కుట్లు వేశారు, అంతే. అలా జరగవచ్చునని ముందే చెప్పి, అందరి చేతా ఒప్పుదల రాయించుకున్నారు. రెండేళ్ళు గడిచినా మూడు జట్లకూ నొప్పిలో తేడా కనబడలేదు. 2013లో ఫిన్లండులో, కీలు అరగకుండా మెనిస్కస్ మాత్రం చిరిగిన 146 మంది నడివయసువారిని ఇలాగే పరీక్షించారు. ఏడాదికి ఉత్తుత్తి ఆపరేషను జట్టూ అసలు ఆపరేషను జట్టూ ఒకేలా కోలుకున్నాయి.

ఇక భుజం. చెయ్యి పైకెత్తితే పైనున్న ఎముక కింది టెండనుకు రాసుకుని నొప్పి పుడుతుందని, ఆ ఎముకను కొంచెం చెక్కేవారు. 2018లో బ్రిటన్‌లో 313 మందిని చూశారు. ఎముక చెక్కినవారికీ, గొట్టంతో చూసి ఊరుకున్నవారికీ ఫలితం ఒక్కటే. ఏమీ చేయనివారు కాస్త వెనకబడ్డారు గాని, చెప్పుకోదగినంత కాదు. బిగుసుకున్న భుజాల విషయంలో, 2020లో అక్కడే 503 మందిని పరీక్షించారు. ఇంజక్షనుతో కూడిన కసరత్తు, మత్తు ఇచ్చి చెయ్యి వంచడం, గొట్టంతో ఆపరేషను: ఏడాదికి ఈ మూడింటిలో ఏదీ మిగిలినవాటిని స్పష్టంగా మించలేదు. మధుమేహం ఉన్నవారికి ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది కనుక వారు గమనించాలి.

ఎందుకిలా? నొప్పి ఆటుపోట్ల వంటిది. పోటుమీద ఉన్నప్పుడే మనం డాక్టరు దగ్గరకు పరుగెత్తుతాం. ఆ తరవాత ఏది చేసినా కొంత తగ్గుతుంది. పైగా స్కానులో కనబడ్డ చిరుగే నొప్పికి కారణమనుకుంటాం. 2008లో ప్రకటించిన ఒక అమెరికా పరిశీలనలో 50 ఏళ్ళు దాటిన 991 మంది మోకాళ్ళను స్కాను చేశారు. చిరుగు ఉన్నవారిలో నూటికి 61 మందికి ఆ నెలలో నొప్పే లేదు!

అయితే ఆపరేషన్లన్నీ దండుగ అనుకుంటే పెద్ద ప్రమాదం. జారిపడ్డ వెంటనే చెయ్యి లేవకపోతే, భుజంలో టెండను తెగి ఉండవచ్చు. ఆలస్యమైన కొద్దీ అతకడం కష్టం. భుజం మాటిమాటికీ తొలిగే కుర్రవాళ్ళకు ఆపరేషను బాగా పనిచేస్తుంది. మోకాలు మధ్యలో బిగిసి చాపడానికి రాకపోయినా, అడుగు మోపలేకపోయినా, వాపుతో జ్వరం వచ్చినా ఆగకూడదు. పూర్తిగా అరిగిన మోకాలికి కొత్త కీలు వేయడం కూడా నిజమైన మేలే. 2015లో డెన్మార్కులో 100 మందిని పరీక్షిస్తే, కీలు మార్పించుకున్నవారికి ఏడాదిలో ఎక్కువ సుఖం దక్కింది. చిక్కులు కూడా వారికే ఎక్కువ. కసరత్తు జట్టులో ఆ ఏడాది ఆపరేషను దాకా వెళ్ళింది నాలుగోవంతు మందే.

ఆటల్లో మోకాలి లిగమెంటు తెగిన యువకుల కథ మధ్యరకం. 2010లో స్వీడనులో 121 మందిలో సగంమందికి వెంటనే ఆపరేషను చేశారు. తక్కినవారికి ముందు కసరత్తు చేయించి, అవసరమైతేనే అన్నారు. ఈ జట్టులోని 59 మందిలో రెండేళ్ళలో 23 మందికి ఆపరేషను అవసరమైంది. రెండు జట్ల మోకాళ్ళ పరిస్థితీ సమానంగానే ఉన్నది.

కనుక ఈసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు "ఆపరేషను సక్సెస్ అవుతుందా?" అని అడగకండి. "నా వయసువాళ్ళకు, ఈ బాధకే, చేయిస్తే ఏడాదికి ఎలా ఉంటుంది? మానేసి మూడు నెలలు శ్రద్ధగా కసరత్తు చేస్తే ఎలా ఉంటుంది? ఆగితే నష్టమేమైనా ఉన్నదా?" అని అడగండి. మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. మీరు కూడా కసరత్తు నాలుగో రోజున మానేసి, "అది పనిచేయలేదండీ" అని ఆయనతో అనకండి!