డిస్కును ప్లేయరు ఎట్లా గుర్తుపడుతుంది?

మన హాస్టల్ టీవీ గదిలో ఉండే పాత డీవీడీ ప్లేయరు గుర్తుందా? 2015 నుంచి 2018 దాకా మాతో కలిసి ఉన్నవాళ్లెవరూ దాన్ని మరిచిపోయి ఉండరు. ఎవరో దాత తన ఇంట్లో వాడి వాడి ఇచ్చినది. ట్రే లోపలికి పోయేది. "లోడింగ్" అని ఆకుపచ్చ అక్షరాలు వెలిగేవి. లోపల ఒకసారి గిర్రుమనేది, ఆగేది, టిక్కుటిక్కుమనేది, మళ్లీ గిర్రుమనేది. ఆదివారం సినిమా కోసం చాపల మీద కూర్చున్న మేమంతా ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. బొమ్మ వస్తే ఈలలు. రాకపోతే "నో డిస్క్".

2017 డిసెంబరులో మేము పదో తరగతి. ఐటీఐ చదువుతున్న మన సీనియర్ అన్న ఒకరు లెక్కలు, భౌతికశాస్త్రం పాఠాలు ఒక డిస్కులో ఎక్కించి పంపించాడు. గేటు దగ్గర దాన్ని అందుకుని లోపలికి తెచ్చింది ఆరో తరగతి తమ్ముడు. స్టడీ అవర్ కాగానే ట్రేలో పెట్టాం. గిర్రుమంది, ఆగింది. గిర్రుమంది, ఆగింది. దాదాపు నిమిషం తర్వాత "నో డిస్క్". మూడుసార్లు పెట్టినా అంతే. ముందురోజే ఒక సినిమా డిస్కు చక్కగా ఆడింది కాబట్టి తప్పు ప్లేయరుది కాదని తేల్చేశాం. అన్న ఇంటర్నెట్ సెంటర్లో వేసి చూసే పంపానన్నాడు కాబట్టి తప్పు ఆయనది కూడా కాదు. ఇక మిగిలింది తెచ్చినవాడే. "గీకేశావు కదరా" అని అందరం కలిసి వాడి మీద పడ్డాం. ఆ రాత్రి వాడు అన్నానికి రాలేదు.

తర్వాత ఎమ్మెస్సీ ఎలక్ట్రానిక్స్‌లో చేరాక, లేజరు, లెన్సు, మోటారు గురించి చదువుతున్నప్పుడు ఆ నిమిషంలో లోపల ఏం జరిగిందో మాకు అర్థమయింది. అదే ఇక్కడ రాస్తున్నాం.

డిస్కును ట్రేలో పెట్టినప్పుడు అది సీడీనో డీవీడీనో ప్లేయరుకు తెలియదు. రెండూ 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం. పైన రాసిన పేరు అది చదవలేదు. దానికున్నదల్లా లేజరు కిరణం, ఒక చిన్న లెన్సు, వెనక్కి తిరిగొచ్చిన వెలుతురును కొలిచే ఒక కన్ను. వీటితోనే పోల్చుకోవాలి.

పోల్చుకోవడం ఎందుకంటే, రెండిటికీ లోపల చాలా తేడా ఉంది. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీని 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజరుతో చదవాలి. దాని మీద వరసకీ వరసకీ మధ్య దూరం 1.6 మైక్రాన్లు. 1996లో వచ్చిన డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజరు కావాలి, వరసల మధ్య దూరం 0.74 మైక్రాన్లే. తిరిగే వేగం కూడా వేరు. మధ్య భాగాన్ని చదివేటప్పుడు సీడీ నిమిషానికి సుమారు 500 చుట్లు తిరిగితే, డీవీడీ సుమారు 1400 చుట్లు తిరగాలి. అంటే ఇది డీవీడీ అనుకుని మొదలుపెట్టి, కాదని తేలితే, మోటారు వేగం తగ్గించి, లేజరు మార్చి, అంతా మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. మనం విన్న ఆ రెండో "గిర్రు" ఇదే.

ఇప్పుడు అసలు కిటుకు దగ్గరికి వద్దాం. సీడీలో సమాచారం ఉన్న పొర, పైనున్న లేబులుకు ఆనుకునే ఉంటుంది. కింది నుంచి వచ్చే కిరణం 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్కు దాటి దాన్ని చేరాలి. డీవీడీ అలా కాదు. అది 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు కలిపి అతికించినది, సమాచారం నడిమధ్యలో ఉంటుంది. కాబట్టి మెరిసే పొర ఎంత లోతులో ఉందో కొలిస్తే చాలు, డిస్కు ఏదో తెలిసిపోతుంది.

ఆ లోతు కొలిచే పద్ధతి మాకు భలే నచ్చింది. లెన్సును మెల్లగా ఒకే వేగంతో డిస్కు వైపు పైకి లేపుతారు. వెలుతురును కొలిచే కన్ను నాలుగు గదులుగా ఉంటుంది. పొర మీద కిరణం సరిగ్గా కేంద్రీకరించినప్పుడు కంటి మీద గుండ్రటి చుక్క పడుతుంది. లెన్సు దూరంగా ఉంటే చుక్క ఒక పక్కకు కోడిగుడ్డులా సాగుతుంది, దగ్గరైతే ఇంకో పక్కకు సాగుతుంది. ఎదురెదురు గదుల జతలను కూడి, ఒక మొత్తంలోంచి ఇంకో మొత్తం తీసేస్తే వచ్చే అంకె మొదట పెరిగి, సున్నా మీదుగా కిందికి దిగుతుంది. గ్రాఫు గీస్తే పడుకున్న ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వస్తుంది. లెన్సు లేస్తున్నప్పుడు మొదట ప్లాస్టిక్కు కింది ముఖం దగ్గర ఒక చిన్న ఎస్ వస్తుంది. అక్కడ తిరిగొచ్చే వెలుతురు సుమారు 5 శాతమే. తర్వాత మెరిసే పొర దగ్గర పెద్ద ఎస్ వస్తుంది. ఈ రెండిటి మధ్య ఎంత సమయం పట్టిందో అదే లోతు.

పదో తరగతి తమ్ముళ్లకు ఇక్కడ ఒక లెక్క. బకెట్లో నీళ్లు పోస్తే అడుగు పైకి వచ్చినట్టు కనిపిస్తుంది కదా, ఇక్కడా అంతే. ఆ ప్లాస్టిక్కు వక్రీభవన గుణకం సుమారు 1.55. కాబట్టి 1.2 మిల్లీమీటర్ల లోతు లెన్సుకు సుమారు 0.77గానూ, 0.6 మిల్లీమీటర్ల లోతు సుమారు 0.39గానూ కనిపిస్తుంది. పరీక్షలో వచ్చే ఆ పాత ప్రశ్న ఇంత పనికొస్తుందని మేము చదివేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

లోతు తెలిశాక ఇంకా పని ఉంది. మోటారు తిప్పాలి, కిరణాన్ని వరస మీద నిలబెట్టాలి, తిరిగొచ్చే వెలుతురు తక్కువైతే సంకేతాన్ని పెంచుకోవాలి. ఆ తర్వాత లెన్సు డిస్కు మధ్యకు వెళ్లి "లీడ్-ఇన్" అనే భాగాన్ని చదువుతుంది. పుస్తకానికి విషయసూచిక ఎలాగో డిస్కుకు ఇది అలాగ. అక్కడినుంచి ఫైళ్ల జాబితా, ఆ తర్వాతే బొమ్మ. ఇందులో వీసీడీ చేసినవాళ్ల తెలివి చెప్పుకోవాలి. తనను గురించి చెప్పే చిన్న ఫైలును ఎక్కడపడితే అక్కడ కాకుండా, ప్రతి వీసీడీలోనూ కచ్చితంగా ఒకే చోట, నాలుగో సెకను దగ్గర, పెట్టాలని నియమం పెట్టారు. ప్లేయరు వెతుక్కోనక్కర్లేదు, నేరుగా అక్కడికే పోతుంది. దీనికి పూర్తి వ్యతిరేకం మనవాళ్లు వందల పాటలతో నింపిన ఎంపీ3 సీడీ. ఫోల్డర్లన్నీ తిరిగి చూస్తే గాని పాటల పట్టీ రాదు. ఈరోజు పది పాటలు, రేపు పది పాటలు అని విడతలుగా ఎక్కించిన సీడీ అయితే మరీ ఆలస్యం. ఒక్కో విడతకు ఒక్కో విషయసూచిక ఉంటుంది, ప్లేయరు అవన్నీ వరసగా చూసుకుంటూ పోవాలి.

మరి ఈ గుర్తుపట్టే పనిని వేగం చేయడం ఎలా? ఇంజనీర్లు చేసినవి చాలానే ఉన్నాయి. అన్నిటికంటే తేలికైనది, ఏ డిస్కు అయి ఉండవచ్చునో దానితో మొదలుపెట్టడం. ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక్కో ప్రయత్నానికి 5 సెకన్లు అనుకుందాం. హాస్టల్లో పది డిస్కులుంటే ఎనిమిది వీసీడీలు, రెండు డీవీడీలు. వీసీడీ కూడా సీడీ జాతే. ప్లేయరు ముందు డీవీడీ అనుకుని మొదలుపెడితే, ఎనిమిది డిస్కులకు పదేసి సెకన్లు, రెండిటికి అయిదేసి, మొత్తం 90 సెకన్లు. ముందు సీడీ అనుకుంటే 60 సెకన్లే. యంత్రం మారలేదు, అడిగే ప్రశ్నల వరస మారింది, అంతే. అందుకే కిందటిసారి ఏ రకం డిస్కు పెట్టారో గుర్తుంచుకుని, ఈసారి దానితోనే మొదలుపెట్టేలా కూడా ప్లేయర్లను చేయవచ్చు. ఒకే ఇంట్లో మామూలుగా ఒకే రకం ఎక్కువ ఉంటాయి కదా.

రెండోది, ఒకదాని తర్వాత ఒకటిగా చేసే పనులను కలిపి చేయడం. లెన్సు లోతు కొలుస్తుండగానే మోటారును తిప్పడం మొదలుపెట్టవచ్చు. మన వంటగదిలో అన్నం ఉడికేలోపు కూరగాయలు తరుగుతారే, అలాగ. మూడోది, లెన్సును ఎంత లేపాలి, సంకేతాన్ని ఎంత పెంచాలి వంటి కొలతలను ప్రతిసారీ మొదటినుంచి కొలవకుండా జ్ఞాపకంలో దాచుకోవడం. ఇక 2006లో వచ్చిన బ్లూ-రేలో లోతు 0.1 మిల్లీమీటరే, లేజరు 405 నానోమీటర్ల ఊదా రంగుది. డిస్కు రకాలు మూడయ్యాయి కాబట్టి పోల్చుకునే పని కూడా పెరిగింది. దానికితోడు కొన్ని బ్లూ-రే డిస్కులలో జావా ప్రోగ్రాములు ఉంటాయి, అవి తెరుచుకునేదాకా ఆగాలి. మొదట్లో వచ్చిన ఆ ప్లేయర్లకు ఎంతో ఓపిక కావలసి వచ్చింది.

వేగం కోసం చేసే పనుల్లో మాకు నచ్చనిది ఒకటుంది. ఒకసారి కుదరకపోతే ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలన్నది తయారుచేసేవాళ్ల ఇష్టం. ఆ సంఖ్యను తగ్గిస్తే "నో డిస్క్" త్వరగా వస్తుంది, ప్లేయరు చురుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ కొంచెం మురికైన డిస్కు, కొంచెం వంగిన డిస్కు, ఇంకొక్క ప్రయత్నంలో చదవగలిగేది, బయటికి పోతుంది. కొత్త డిస్కులు కొనుక్కోగలిగినవాళ్లకు దీనితో నష్టం లేదు. ఒకే డిస్కును పదిమంది చేతులు మార్చుకునే చోట నష్టం ఉంది.

ఇక మా డిస్కు సంగతి. అది మామూలు డీవీడీ కాదు, చెరిపి మళ్లీ రాసుకునే డీవీడీ-ఆర్‌డబ్ల్యూ. అన్న దగ్గర అదొక్కటే ఉంది, దాన్నే చెరిపి మాకోసం రాశాడు. కంపెనీలో అచ్చువేసిన ఒక పొర డీవీడీ మీద పడ్డ వెలుతురులో 45 నుంచి 85 శాతం తిరిగొస్తుంది. చెరిపి రాసుకునే దానినుంచి వచ్చేది 18 నుంచి 30 శాతమే. రెండు పొరల డీవీడీ ఇంకొక రకం ఉంది, పెద్ద సినిమాలు ఒకే డిస్కులో పట్టడానికి చేసినది. దానినుంచి తిరిగొచ్చేది కూడా సరిగ్గా 18 నుంచి 30 శాతమే! పాత ప్లేయర్లు కొన్ని ఇక్కడే పొరపడ్డాయి. వెలుతురు తక్కువగా వచ్చింది కాబట్టి ఇది రెండు పొరలది అని తేల్చేసుకుని, లేని రెండో పొర కోసం వెతికి వెతికి, చివరికి డిస్కే లేదన్నాయి. రాసుకునే డిస్కులకు ఈ చిక్కు ఎంతగా ఉండేదంటే, డీవీడీ+ఆర్ రకం డిస్కులలో "నేను ఫలానా రకం" అని చెప్పే గడిలో "అచ్చువేసిన డీవీడీని" అని రాసే సౌకర్యం కొన్ని రైటర్లలో పెట్టారు. అలా చెబితే పాత ప్లేయర్లు మారు మాట్లాడకుండా తీసుకునేవి.

మన హాస్టల్ ప్లేయరు మేము పుట్టిన రోజుల నాటిది. మిగతా డిస్కులన్నీ ఆడేది, ఈ ఒక్కదాన్నే కాదనేది. కాబట్టి జరిగింది ఇదే అయి ఉండాలి. అది పూర్తి నిమిషం తీసుకోవడానికి కారణం కూడా ఇదే, తప్పు ఊహ పట్టుకుని మళ్లీ మళ్లీ వెతకడం.

ఇంకా ఎవరి ఇంట్లోనైనా ప్లేయరు ఉంటే రెండు మాటలు. డిస్కును మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచు వైపు నేరుగా తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు. గుండ్రంగా పడిన గీత వరస వెంబడే పోయి ఎక్కువ సమాచారాన్ని కప్పేస్తుంది. కొబ్బరినూనె రాయడం మన పాత వైద్యం, దయచేసి మానేయండి. సీడీకి లేబులు వైపే ఎక్కువ జాగ్రత్త కావాలి, సమాచారం ఆ పూత కిందే ఉంది కాబట్టి. డిస్కు రాసేటప్పుడు ఒకే విడతలో రాసి, ఆఖరున "ఫైనలైజ్" చేస్తే గుర్తుపట్టడం సులువవుతుంది.

పోయిన ఏడాది ఆ తమ్ముణ్ని కలిశాం. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ఆ డిస్కు తన ట్రంకు పెట్టె అడుగున బట్టల కింద దాచి ఉంచాడు. ఎందుకు పారేయలేదురా అంటే నవ్వాడు. మా ల్యాబ్‌కు తీసుకెళ్లి అతని ఎదురుగానే కంప్యూటరులో పెట్టాం. పది సెకన్లు కూడా పట్టలేదు, ఫోల్డరు తెరుచుకుంది. డిస్కును తిప్పి వెలుతురులో పెట్టి చూశాం, వేలిముద్రలు తప్ప గీత లేదు. "చూడన్నా, నేను గీకలేదని అప్పుడే చెప్పాను" అన్నాడు. అవును, చెప్పాడు. క్షమించమని అడిగాం. అందులోని పాఠాలన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఈ వార్షికోత్సవానికి హాస్టల్ లైబ్రరీకి ఇస్తున్నాం. డిస్కు మాత్రం అతని దగ్గరే ఉంది, ఇవ్వనన్నాడు.