పూతరేకులో మేనేజ్‌మెంట్ పాఠం

కాకినాడ జె.ఎన్.టి.యు. పరిధిలోని కళాశాలల్లో ఇంజినీరింగ్ విద్యార్థులు యంత్రాలు, సర్క్యూట్లతోపాటు మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ ఎనాలిసిస్ అనే పాఠ్యాంశాన్ని కూడా చదువుతారు. వాడుకలో ‘మెఫా’గా పిలిచే ఈ పాఠం గిరాకీ, వ్యయం, ధర, జమాఖర్చుల గురించి చెబుతుంది. వస్తువును తయారుచేయగల ఇంజినీరుకు దానికి ఎంత ఖర్చవుతుందో, దాన్ని ఎవరు కొంటారో కూడా తెలియాలన్నది దీని ఉద్దేశం. అయితే సూత్రాలు కంఠస్థం చేసి పరీక్ష గట్టెక్కినంత మాత్రాన ఆ తెలివిడి కలగదు. చుట్టుపక్కల సాగే వ్యాపారానికి వాటిని అన్వయించి చూసినప్పుడే అది అబ్బుతుంది.

అందుకు కోనసీమ జిల్లాలోని ఆత్రేయపురంలో తయారయ్యే పూతరేకులనే మిఠాయి చక్కని ఉదాహరణ. అక్కడ బోర్లించిన కుండను కింద మంటపెట్టి కాచి, పలుచని బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డను దానిపై ఒక్కసారి పరిచి లాగితే, క్షణాల్లో పొరలాంటి రేకు తయారవుతుంది. రేకులు తీయడం ఒక పని, వాటిపై నెయ్యి, పంచదార పొడి లేదా బెల్లం చల్లి చుట్టడం మరొక పని, పెట్టెల్లో సర్ది అమ్మడం ఇంకొక పని. ఇలా ఒకరి నుంచి మరొకరికి సరుకు చేరే వరుసనే మేనేజ్‌మెంట్ పాఠాల్లో సరఫరా గొలుసు అంటారు.

ఇక ఖర్చుల్లో అద్దెలాగా అమ్మకంతో నిమిత్తం లేకుండా ఉండేవి స్థిర వ్యయాలు, నెయ్యి, పంచదారల్లాగా తయారీతోపాటు పెరిగేవి చర వ్యయాలు. ఉదాహరణకు ఒక దుకాణానికి నెలకు స్థిర వ్యయం రూ.30,000, పెట్టె ధర రూ.200, దానిపై చర వ్యయం రూ.150 అనుకుంటే, పెట్టెకు మిగిలేది రూ.50 కనుక 600 పెట్టెలు అమ్మితేగాని ఖర్చులు రావు; లాభమూ నష్టమూ లేని ఈ స్థాయినే బ్రేక్ ఈవెన్ అంటారు. నెయ్యి ధర పెరిగి చర వ్యయం రూ.160 అయితే, 750 పెట్టెలు అమ్మాల్సి వస్తుంది.

ఈ పనిని చూసిన ఇంజినీరింగ్ విద్యార్థికి రేకులు తీసే యంత్రం చేయాలన్న ఆలోచన రావడం సహజమే గాని, దాని పెట్టుబడి ఎన్నేళ్లకు తిరిగి వస్తుంది, పండుగలు, పెళ్లిళ్ల సీజను దాటాక అది ఖాళీగా ఉండదా, కొనేవారు చేతిపనికే విలువ ఇస్తున్నారా అన్నవి మేనేజ్‌మెంట్ వేసే ప్రశ్నలు. పైగా ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు, అంటే ఊరి పేరును ఇతరులు వాడుకోకుండా కాపాడే చట్టబద్ధమైన రక్షణ లభించింది కనుక, తయారీ పద్ధతిని మార్చే ముందు ఆ పేరుకున్న విలువనూ లెక్కలోకి తీసుకోవాలి.

వ్యాపార శిక్షణ గోదావరి సీమకు కొత్తది కాదు. 1960లలో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం కాకినాడ వ్యాపారులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో సాధనా ప్రేరణపై, అంటే లక్ష్యం పెట్టుకుని మెరుగ్గా సాధించాలన్న తపనపై శిక్షణ ఇచ్చి, ఆ తర్వాత వారు వ్యాపార విస్తరణలో మరింత చొరవ చూపారని తేల్చింది. ఆ శిక్షణ పొందినవారికి అప్పటికే సొంత వ్యాపారం ఉంది కనుక నేర్చుకున్నది వెంటనే ఆచరణలో పెట్టగలిగారు. విద్యార్థికి ఆ వీలు లేదు కనుక, ప్రాజెక్టు పనిలో భాగంగా నిజమైన తయారీదారు ఖర్చుల పట్టికను అతనిచేతనే వేయించి, యంత్ర నమూనాతోపాటు దానికీ మార్కులు కేటాయించడం కళాశాలలు చేయగల పని.