కునుకు కోసం మాత్ర... మరి మనసు మాటేమిటి?

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. ఒళ్లు అలిసిన మనిషికి చాపయినా, చెట్టునీడయినా ఒకటేనని దాని భావం. నేడు పరిస్థితి తిరగబడింది. మెత్తని పరుపులున్నాయి, చల్లని గదులున్నాయి. కంటి మీద కునుకు మాత్రం లేదు. ఇషా నమాజు ముగించి మంచమెక్కినా అర్ధరాత్రి దాకా సెల్‌ఫోన్ వెలుగులో గడిపేవారు, ఫజర్ అజాన్ వినబడే వేళకు గాని కన్ను మూతపడనివారు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. అలాంటివారి తలగడ పక్కకు కొత్తగా చేరిన సీసా మెలటోనిన్.

అమెరికాలో ఉంటున్న కొడుకో కూతురో సెలవులకు వచ్చినప్పుడు అమ్మీ, అబ్బాల కోసం తెచ్చే సామాన్లలో ఇదీ ఒకటయింది. ఇక్కడి మెడికల్ షాపుల్లోనూ దొరుకుతోంది. 'ఇది నిద్రమాత్ర కాదు, మన ఒంట్లో ఊరేదే, ఏమీ కాదు' అనే భరోసాతో చేతులు మారుతోంది. ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగమేమిటో తెలుసుకోవడం అవసరం. నిద్రలేమి వెనుక దిగులు దాగి ఉన్న ఇళ్లలో మరీ అవసరం.

చీకటి పడిందని చెప్పే కబురు

మన మెదడు నడుమ కందిగింజంత పీనియల్ గ్రంథి ఉంటుంది. కంటిలో పడే వెలుగు తగ్గగానే ఈ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదలడం మొదలుపెడుతుంది. అర్ధరాత్రి దాటాక అది బాగా పెరుగుతుంది, తెల్లవారేసరికి తగ్గిపోతుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో చర్మవైద్యుడైన ఆరన్ లెర్నర్ 1958లో పశువుల పీనియల్ గ్రంథుల నుంచి దీనిని తొలిసారి వేరుచేసి పేరు పెట్టారు. ప్రకాశవంతమైన వెలుగు పడితే మనిషిలో ఈ హార్మోన్ ఊరడం ఆగిపోతుందని 1980లో ఆల్‌ఫ్రెడ్ లూయీ బృందం నిరూపించింది. పడకగదిలో లైట్లు, కళ్ల ముందు ఫోను నిద్రను ఎందుకు దూరం చేస్తాయో దీనితో అర్థమవుతుంది.

రాత్రిని ఆచ్ఛాదనగా, నిద్రను విశ్రాంతిగా చేసిన దైవానుగ్రహాన్ని దివ్య ఖుర్‌ఆన్‌లోని 'నబా' సూరా మనకు గుర్తు చేస్తుంది. చీకటికీ విశ్రాంతికీ మన శరీరంలోనే ముడి వేసి ఉంచాడు సృష్టికర్త.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మెలటోనిన్ మత్తు మందులా మనిషిని పడగొట్టదు. రాత్రయిందని శరీరానికి కబురు మాత్రమే అందిస్తుంది. అజాన్ వేళయిందని తెలియజేస్తుంది గాని, చెయ్యి పట్టుకుని మసీదుకు తీసుకుపోదు కదా! మెలటోనిన్ పని కూడా అలాంటిదే. కబురు అందినా ఫోను పక్కన పెట్టకపోతే, మనసులో చింత కుదురుకోకపోతే నిద్ర దానంతటదే రాదు.

ఎంత మేలు చేస్తుంది?

మెలటోనిన్‌పై జరిగిన 19 పరిశోధనలను కలిపి 2013లో లెక్క తీశారు. అందులో పాల్గొన్నవారు 1,683 మంది. మాత్ర వాడినవారికి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కంటే సగటున 7 నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది. మొత్తం నిద్ర 8 నిమిషాలు పెరిగింది. మేలు లేదనలేము, అద్భుతం అని కూడా అనలేము. దీర్ఘకాలిక నిద్రలేమికి దీనిని వాడవద్దని అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ 2017లో సూచించింది. ఐరోపాలో 2007లో 55 ఏళ్లు దాటినవారి కోసం, అదీ కొద్ది వారాల వాడకానికి, 2 మిల్లీగ్రాముల మాత్రను అనుమతించారు.

విమానంలో ఖండాలు దాటి వెళ్లినప్పుడు పగలు, రాత్రి తారుమారయ్యే ఇబ్బందికి మాత్రం ఇది బాగా పనిచేస్తుందని 2002లో వెలువడిన ఒక సమగ్ర పరిశీలన తేల్చింది. కబురు అందించడమే దీని పని గనుక, గడియారం తప్పినచోట రాణిస్తుంది. గడియారం సరిగానే ఉండి, మనసు తప్పినచోట రాణించదు.

నిద్ర పట్టలేదని మోతాదు పెంచడం చాలామంది చేసే పని. 2001లో యాభై ఏళ్లు దాటిన నిద్రలేమి బాధితులపై జరిగిన ఒక పరిశోధనలో 0.3 మిల్లీగ్రాముల కొద్ది మోతాదే నిద్రను చక్కదిద్దింది. 3 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు శరీర ఉష్ణోగ్రత పడిపోయింది, పగటిపూట కూడా మెలటోనిన్ రక్తంలో ఎక్కువగానే నిలిచిపోయింది. నేడు 5, 10 మిల్లీగ్రాముల మాత్రలు అమ్ముతున్నారు. తెల్లారినా తల బరువు, మందకొడితనం వదలకపోవడానికి కారణం ఇక్కడే ఉంది.

సీసా మీద రాసినంత లోపల ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. కెనడాలో 31 రకాల మెలటోనిన్ ఉత్పత్తులను పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. కొన్నింటిలో రాసినదానికంటే 83 శాతం తక్కువ, కొన్నింటిలో 478 శాతం ఎక్కువ ఉంది. ఎనిమిదింటిలో సెరటోనిన్ అనే మరో పదార్థం కూడా బయటపడింది.

మనసుపై నీడ

నిద్ర కోసం వేసుకున్న మాత్ర మనసును తాకుతుందా? ఎక్కువమందిలో అలాంటిదేమీ కనిపించదు. తలనొప్పి, తల తిరగడం, వికారం, పగటి మత్తు సాధారణంగా కనిపించే ఇబ్బందులు. అయితే కొద్దిమందిలో తాత్కాలికంగా దిగులు, చిరాకు, ఆందోళన తలెత్తుతాయని వైద్యులు గుర్తించారు. మాత్ర ఆపితే సాధారణంగా ఇవి తగ్గుతాయి.

అప్పటికే కుంగుబాటుతో ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1976లో అమెరికాలో తీవ్రమైన డిప్రెషన్‌తో బాధపడుతున్న ఆరుగురికి మెలటోనిన్ ఇచ్చి చూస్తే వారి దిగులు తగ్గకపోగా పెరిగింది. ఆనాటి మోతాదులు నేటి మాత్రల కంటే ఎన్నో రెట్లు పెద్దవన్నది నిజమే. దీనికి భిన్నంగా, రొమ్ము కేన్సర్ ఆపరేషన్ చేయించుకున్న మహిళలకు మెలటోనిన్ ఇచ్చినప్పుడు దిగులు లక్షణాలు తగ్గాయని 2014లో డెన్మార్క్‌లో జరిగిన ఒక చిన్న పరిశోధన తెలిపింది. అంటే ఇది అందరికీ ఒకేలా పనిచేసే వస్తువు కాదు. ఒకరికి పడింది కదా అని పక్కింటివారికి ఇవ్వకూడదు.

డిప్రెషన్, ఓసీడీ వంటి జబ్బులకు ఇచ్చే ఫ్లువాక్సమిన్ అనే మందు వాడేవారిలో మెలటోనిన్ త్వరగా కరిగిపోదు. రక్తంలో అనేక రెట్లు పేరుకుంటుంది. అందుకే మానసిక వైద్యుని మందులు వాడుతున్నవారు ఆయనను అడగకుండా దీని జోలికి పోరాదు.

మూడు గంటల మెలకువ

రాత్రి మూడు గంటలకు లేచి కూర్చున్న ఇద్దరు మనుషులు పైకి ఒకేలా కనిపిస్తారు. ఒకరు తహజ్జుద్ కోసం లేచినవారు. వారి ముఖంలో తేట ఉంటుంది, నమాజు తర్వాత మనసు తేలికపడుతుంది. రెండోవారికి మెలకువ దానంతటదే వచ్చింది. మళ్లీ నిద్ర పట్టదు. గుండెలో బండ పెట్టినట్టుంటుంది. తెల్లవారుతోందంటే భయం. తిండి సహించదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, నమాజులో నిలబడినా మనసు నిలవదు. రోజూ లేచే వేళకు చాలా ముందే మెలకువ వచ్చి, ఉదయంపూట దిగులు ఎక్కువగా ఉండటం డిప్రెషన్ లక్షణాల్లో ముఖ్యమైనది.

ఈ రెండోవారి చేతికి మనం మెలటోనిన్ సీసా ఇస్తున్నాం. రాత్రి పదింటికి మింగిన మామూలు మాత్ర ప్రభావం మూడింటి దాకా పెద్దగా నిలవదు. దాని సగం గంటలోపే కరిగిపోతుంది. మెలకువ మళ్లీ వస్తుంది. మోతాదు పెరుగుతుంది. పగలు మందకొడితనం తోడవుతుంది. అసలు జబ్బు మాత్రం లోలోపల ముదురుతూనే ఉంటుంది. మెలటోనిన్ వల్ల జరిగే పెద్ద నష్టం ఇదే. అది విషం కావడం వల్ల కాదు, వైద్యుని దగ్గరకు వెళ్లే రోజును వెనక్కి నెట్టడం వల్ల.

దీనికి తోడు ఇంట్లో ఒక మాట వినిపిస్తుంది. 'ఈమాన్ గట్టిగా ఉంటే దిగులెందుకు?' అని. ఎంత బాధపెట్టే మాట అది! కుమారుడు యూసుఫ్ (అలై) కోసం దుఃఖించి దుఃఖించి హజ్రత్ యాఖూబ్ (అలై) కళ్లు తెల్లబడిపోయాయని ఖుర్‌ఆన్ తెలుపుతోంది. ఆయన దైవప్రవక్త. ఆయన ఈమాన్‌ను ఎవరు శంకించగలరు? హజ్రత్ ఖదీజా (రజి), పినతండ్రి అబూ తాలిబ్ కన్నుమూసిన సంవత్సరానికి దుఃఖ సంవత్సరమనే పేరు నిలిచింది. వ్యాధికి చికిత్స చేయించుకోవాలని బోధించిన మహాప్రవక్త (స), దిగులు నుంచీ దుఃఖం నుంచీ రక్షణ కోరుతూ దుఆ చేసేవారు. దుఆ, దవా రెండూ మనకు సున్నతే.

మన పూర్వీకులైన విద్వాంసులు కూడా దీనిని గుర్తించారు. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరం, ఆత్మల ఆరోగ్యంపై ఒక గ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖం ఒకటి, కారణం తెలియకుండా కమ్ముకునే దుఃఖం ఒకటి అని అందులో విడదీశారు. రెండోదానికి మూలం శరీరంలోనే ఉందని, దానికి శారీరక చికిత్స కావాలని వెయ్యేళ్ల కిందటే చెప్పారు.

సల్మాన్ (రజి) చెప్పిన హితవు

హజ్రత్ సల్మాన్ (రజి) ఒకసారి తన ధర్మసోదరుడు అబూ దర్దా (రజి) ఇంటికి అతిథిగా వెళ్లారు. రాత్రి తొలి జామునే అబూ దర్దా నమాజుకు లేవబోతే సల్మాన్ వారించి పడుకోమన్నారు. మళ్లీ లేవబోయారు, మళ్లీ వారించారు. రాత్రి చివరి భాగంలో తానే లేపి, ఇద్దరూ కలిసి నమాజు చేశారు. దైవానికే కాదు, నీ శరీరానికీ, నీ కుటుంబానికీ నీపై హక్కుందని హితవు చెప్పారు. ఈ విషయం విన్న ప్రవక్త (స) సల్మాన్ చెప్పింది నిజమన్నారు. ఇషాకు ముందు నిద్రపోవడాన్నీ, ఇషా తర్వాత కబుర్లతో కాలక్షేపాన్నీ ప్రవక్త (స) ఇష్టపడేవారు కారు. నేటి నిద్ర వైద్యులు చెప్పే తొలి సలహా కూడా రోజూ ఒకే వేళకు పడక, ఒకే వేళకు మెలకువ అన్నదే.

రంజాన్‌లో ఈ క్రమం కొంత మారుతుంది. భోజన వేళలు రాత్రికి మారడంతో మెలటోనిన్ రాత్రిపూట అందుకునే శిఖరం తగ్గుతుందని 2001లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. అంతమాత్రాన మాత్రలు మొదలుపెట్టనక్కరలేదు. తరావీహ్ తర్వాత బజారు తిరుగుళ్లు మాని వెంటనే పడుకోవడం, పగలు జుహర్ ప్రాంతంలో కొద్దిసేపు ఖైలూలా తీయడం, ఉదయపు ఎండలో కాసేపు తిరగడం మేలు.

వాడదలచుకుంటే...

ముందు వైద్యుణ్ణి అడగండి. రక్తం పలచబడే మందులు, ఫిట్స్, షుగర్, బీపీ మందులు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా వాడకూడదు. వైద్యుడు సరేనంటే తక్కువ మోతాదుతో, పడుకునే వేళకు గంట, రెండు గంటల ముందు, కొద్ది వారాలకు పరిమితం చేయండి. వేసుకున్నాక బండి నడపవద్దు. మొదటి పదిహేను రోజులు మనసు ఎలా ఉందో ఇంట్లోవారిని గమనించమనండి. చిరాకు, దిగులు పెరిగితే ఆపి వైద్యునికి చెప్పండి.

పిల్లలకు అందనివ్వకండి. అమెరికాలో పిల్లలు మెలటోనిన్ మింగిన సంఘటనలు 2012లో 8,337 నమోదు కాగా, 2021 నాటికి 52,563కు పెరిగాయి. మిఠాయిలా ఉండే జెల్లీ బిళ్లల విషయంలో మరో సంగతి కూడా ఉంది. వాటిలో చాలావాటికి జెలటిన్ కలుపుతారు. అది ఏ జంతువుదో, హలాలో కాదో చూసుకోవాలి. సందేహముంటే మామూలు మాత్రలే మేలు.

రెండు వారాలకు పైగా దిగులు వదలకపోతే, బతుకు మీద విరక్తి మాటలు వినిపిస్తే ఆలస్యం చేయకండి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంట్లో ఎవరైనా నిద్ర పట్టడం లేదంటే మాత్ర వెతకడానికి ముందు ఒక ప్రశ్న అడుగుదాం. 'నిద్ర పట్టక మనసు పాడయిందా, మనసు బాగులేక నిద్ర పట్టడం లేదా?' అని. పక్కన కూర్చుని, తొందరపెట్టకుండా జవాబు విందాం. ఆ తర్వాత అవసరమైతే వైద్యుని దగ్గరకు తోడు వెళదాం. రోగిని పరామర్శించడం సాటి ముస్లిం పట్ల మనకున్న బాధ్యతల్లో ఒకటి. ఒంట్లో జ్వరమున్నవారితో పాటు మనసులో దిగులున్నవారు కూడా రోగులే. వారందరికీ అల్లాహ్ స్వస్థతను, సుఖనిద్రను ప్రసాదించుగాక! ఆమీన్.