చేతులు మారే మోటారుసైకిలు

కురబలకోట మండలంలోని అంగళ్లులో ఇంజనీరింగు కళాశాల ఉన్నది. ఆ వయసు పిల్లలున్న ఇండ్లలో నింజా 650 పేరు వినబడక మానదు. కొత్తది కొనే స్తోమత లేనివారి చూపు సహజంగా బెంగుళూరు వైపు పోతుంది. పాత బండ్లు అక్కడ విరివిగా దొరుకుతవి. అయితే ఇది 649 సి.సి., రెండు సిలిండర్ల యంత్రం. నూరు సి.సి. బండిమీద చేయి తిరిగినవానికి సైతం కొత్త విద్యే. హార్సిలీకొండ మలుపులు దిగేటప్పుడు దాని పాత గాయం బయటపడితే సర్దుకొనే వ్యవధి ఉండదు.

కనుక రంగును చివర చూడవలెను. అమ్మేవారి ఇంటికి వెళ్లగానే ఇంజనుమీద చేయి పెట్టండి. వెచ్చగా ఉన్నదంటే ముందే నడిపి ఉంచారన్నమాట. చల్లారేదాకా కూర్చోండి, కాఫీ ఇస్తే తాగండి. చల్లని ఇంజను కదిలినప్పుడే దాని బలహీనతలు వినిపిస్తవి. పిమ్మట ముందుచక్రాన్ని నేలనుండి లేపి, హ్యాండిలును ఈ కొసనుండి ఆ కొసకు మెల్లగా తిప్పవలెను. నడుమ గాడిలో పడినట్లు ఆగితే బేరింగు అరిగినది. హ్యాండిలు మితిమీరి తిరగకుండా చట్రానికి చిన్న అడ్డుమొనలుంటవి. అవి వంగినా, వాటికి మాత్రమే కొత్తరంగు పూసినా, బండి గట్టిగా పడినదని అనుమానించవలసిందే. పైతొడుగులు మార్చడం తేలిక. చట్రం వంకర తీయడం అంత తేలిక కాదు. టైరు ప్రక్కన 2319 అని ఉంటే అది 2019లో 23వ వారాన తయారైనదని అర్థం. గాళ్లు లోతుగా కనిపించినా, ఏండ్లు గడచిన రబ్బరు గట్టిపడి తడిరోడ్డుపై పట్టు తప్పుతుంది.

ఇక కాగితాలు. చాసీ, ఇంజను నంబర్లను బండిమీదనే చదివి రిజిస్ట్రేషను పత్రంతో పోల్చండి. కర్ణాటక రవాణా కార్యాలయపు నిరభ్యంతర పత్రానికి 28వ ఫారము, యాజమాన్యపు మార్పుకు 29, 30 ఫారములు, బ్యాంకు అప్పు తీరినదనడానికి 35వ ఫారము కావలెను. ఇక్కడ కట్టవలసిన జీవితపన్ను కూడా కలిపి చూసిన తరువాతనే ధర చవకో కాదో తేలుతుంది.

“సంతకాలు చేసి ఇచ్చాను, పేరు ఎప్పుడైనా మార్చుకో నాయనా” అనేవారుంటారు. ఇది ఉభయులకూ ముప్పు. బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్టరులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని 2018లో నవీన్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొన్నవారికి ఇంకొక చిక్కు. ఎదుటివారికి కలిగే నష్టానికి బీమా బండివెంటనే వస్తుంది. సొంతబండి నష్టానికి మాత్రం పేరు మారితేగాని వర్తించదు. పేరు మార్చమని 14 రోజులలోగా బీమా కంపెనీకి వ్రాయవలెను. బేరం కుదిరినా, సొమ్ములో కొంత భాగాన్ని నిరభ్యంతర పత్రం చేతికి వచ్చేదాకా నిలిపి ఉంచండి.