బైసికిలు శుద్ధి: ఏది వాడఁదగును, ఏది వాడఁగూడదు

ఇత్తడిబిందెకుఁ జింతపండు, వెండిగిన్నెకు విభూతి, పట్టుచీరకుఁ గుంకుడురసము: ఏ వస్తువున కేది తగునో మన యమ్మమ్మలకుఁ జక్కఁగాఁ దెలియును. వస్తువుయొక్క స్వభావము నెఱిఁగి సాధనమును గోరుకొనుటయే యా నేర్పు. కాని యింటిలోనికి బైసికిలు వచ్చినతోడనే మన మీ నేర్పును మఱచిపోవుచున్నాము. మరుగుదొడ్డికై తెచ్చిన యాసిడు, బట్టల సోడా, పొయ్యిబూడిద, పెట్రోలు, ఇట్లు చేతికందిన దెల్ల దానిపైఁ బ్రయోగించుచున్నాము. ఇందువలన బండి చెడుట యటుండ, ఇంటిలోని పసిబిడ్డలకే యపాయము గలుగుచున్నది.

భద్రాచలపు టడవుల పొలిమేరలో, గోదావరికి సమీపమున నున్న పినపాక ప్రాంతమును దలఁచుకొనుఁడు. మునుపు ఖమ్మము జిల్లాలో నుండిన యీ ప్రాంతము 2016వ సంవత్సరమునుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిదైనది. ఇచ్చటి పల్లెలలో నిల్లొకయూర, బడి యొకయూర నుండుట సామాన్యము. ఏడూళ్ల బయ్యారము, జానంపేట మొదలగు గ్రామముల చుట్టుప్రక్కల నాఁడుపిల్ల చదువు నిలుచుటకు బైసికిలే యాధారమగు నిండ్లు గలవు. వానకాలమున బురద, వేసవియందు దుమ్ము, మణుగూరు సింగరేణి గనుల బాటలలో బొగ్గుపొడి: ఈ మూఁడును గొలుసునకుఁ బట్టును. నూనెతోఁ గలిసిన యిసుకయు బొగ్గుపొడియు నాకురాయివలె నుక్కును దినివేయును. అరిగిన గొలుసు సాయంకాలమున నడవిత్రోవలోఁ దెగినచో నా పిల్ల గతి యేమి? కావున బైసికిలు శుద్ధిని సోకుక్రిందఁ గట్టి తీసివేయరాదు. అది పిల్ల క్షేమమునకు సంబంధించిన పని.

మా యింట జరిగిన సంగతి యొకటి చెప్పెదను. మా వదినె తన కూఁతురి బైసికిలు హ్యాండిలునకుఁ బట్టిన త్రుప్పును బోఁగొట్టఁదలఁచి, మరుగుదొడ్డి కడుగు యాసిడును గుడ్డతో రాచినది. క్షణములో నది యద్దమువలె మెఱసినది. "చూచితివా వదినా, పైస ఖర్చు లేదు" అని సంతోషించినది. మఱునాఁడు తెల్లవాఱునప్పటికి మునుపటికంటె రెండింతల త్రుప్పు! అంతటితో నూరకుండక, గొలుసు కడుగుటకై కిరసనాయిలును మంచినీళ్ల గ్లాసులోఁ బోసి యరుగుమీఁద నుంచినది. మూఁడేండ్ల పిల్లవాఁడు దానిని నోటి కెత్తుచుండఁగా మా యమ్మ చూచి లాగికొన్నది. "గ్లాసులో నున్నదెల్ల బిడ్డకు మంచినీళ్లేనమ్మా" అని యామె యన్న మాటను మేమిప్పటికిని దలఁచుకొనుచుందుము.

బైసికిలంతయు నొక్క లోహము గాదు. సామాన్యముగాఁ జట్రము ఉక్కు, దానిపై రంగుపూఁత. హ్యాండిలు మొదలగువానిపై నికెలు, క్రోమియము పూఁతలు పల్చఁగా నుండును. కొన్ని బండ్ల చక్రపుఁగమ్ములు అల్యూమినియముతోఁ జేసినవి. టైర్లు, బ్రేకుముక్కలు రబ్బరు. గొలుసు, ఫ్రీవీలు ఉక్కు. వానిని ముఖ్యముగాఁ గాపాడునది నూనె.

ఇఁక వర్జనీయములను జెప్పెదను. మరుగుదొడ్డి యాసిడులో సాధారణముగా నుండునది హైడ్రోక్లోరికామ్లము. అది త్రుప్పుతోఁబాటు క్రోమియము పూఁతనుగూడఁ దినును. క్రింది యుక్కు బయటపడి, మిగిలిన యామ్లమువలన వెంటనే త్రుప్పు పట్టును. మా వదినె చూచిన మెఱుపులోని మర్మ మిదియే. చింతపండు, నిమ్మపండు బలహీనములైనను ఆమ్లములే. ఇత్తడికి మేలుచేసిన చింతపండు ఉక్కునకుఁ గీడుచేయును. బ్లీచింగు పౌడరు లోహమును గుంటలు పడునట్లు దినును. దానిని యాసిడుతోఁ గలుపుట మహాపాయము; క్లోరిను వాయువు పుట్టి యూపిరితిత్తులను బాధించును. కాస్టిక్ సోడా రంగును లేపును, అల్యూమినియమును గరఁగించును, చేతులను గాల్చును. చాకలిసోడా యంత తీక్ష్ణము గాకున్నను రంగును వెలవెలఁబోవఁజేయును. బూడిద, ఇటికపొడి రంగుపై గీతలు వేయును. ఆ గీతలలో నీరు చొచ్చి త్రుప్పునకు మొదలగును.

కిరసనాయిలు మునుపటివలె విరివిగా దొరకకపోవుటచే, సీసాలోఁ బెట్రోలు దెచ్చి వాడుద మని కొందఱికిఁ దోఁపవచ్చును. ఇది యన్నిటికంటె భయంకరము. దాని యావిరి గాలికంటె బరువైనది గాన నేలవెంటఁ బ్రాఁకి, దూరమందలి పొయ్యిని జేరి భగ్గున మండును. కట్టెలపొయ్యి గల యిండ్లలో దీనిని దలఁపనేరాదు.

మఱి వాడఁదగిన దేది? చట్రమునకుఁ గుంకుడురసమే మేలు. 1956వ సంవత్సరమున నేర్పడిన గిరిజన సహకార సంస్థ గిరిజనులయొద్దఁ గొనుచు వచ్చిన సరకులలోఁ జింతపండు, తేనెలతోఁబాటు కుంకుడుకాయయుఁ గలదు. పదికాయల గింజలు దీసి, గోరువెచ్చని నీట నానఁబెట్టి, పిసికి వడకట్టవలెను. దీనిలోని సాపోనిను జిడ్డును విడఁదీయును, రంగును బాధింపదు. కంటఁ బడకుండ మాత్రము చూచుకొనవలెను. కుంకుడు లేనిచో గిన్నెలు తోము ద్రవసబ్బును చెంచాఁడు తీసి బొక్కెనెఁడు నీటఁ గలిపినఁ జాలును. మొదట వట్టినీటితో మన్నును నానఁబెట్టి జార్చి, పిదప మెత్తని పాతగుడ్డతోఁ బైనుండి క్రిందికిఁ దుడువవలెను. చక్రముల నడిమి యిరుసులలోనికి నీరు విసురుగాఁ గొట్టరాదు. లోని గ్రీజు పోవును. కడిగినవెంటనే పొడిగుడ్డతోఁ దుడిచి నీడ నాఱఁబెట్టవలెను. క్రోమియముపైఁ ద్రుప్పుచుక్కలు పడినచో, చపాతీలు చుట్టు అల్యూమినియపు రేకును నలిపి, నీటఁ దడిపి మెల్లఁగా రాయవలెను. ఆ రేకు క్రోమియముకంటె మెత్తనిది గాన గీతలు పడవు.

గొలుసును వారమున కొకసారి పొడిగుడ్డతోఁ దుడుచుటయే ప్రధానము. జిడ్డు గట్టిపడినప్పుడు మాత్రము పాత పండ్లబ్రష్షును గొంచెము కిరసనాయిలుతోఁ దడిపి రుద్దవలెను. ఆ పనిని ఆరుబయట, పగటివేళ, పొయ్యికి దూరముగాఁ జేయవలెను. కిరసనాయిలు తగిలిన రబ్బరు ఉబ్బి చెడును గాన టైర్లకు, బ్రేకులకు దగులనీయరాదు. గొలుసు పూర్తిగా నాఱిన పిదప కుట్టుమిషను నూనెను లంకె కొక చుక్క చొప్పున వేసి, పెడలు త్రిప్పి, పైకి మిగిలినదానిని దుడిచివేయవలెను. కొబ్బరినూనె, వంటనూనెలు వాడకుఁడు. అవి కొంతకాలమునకు జిగురై దుమ్మును బట్టును. చక్రపుఁగమ్మికిఁ గాని బ్రేకుముక్కలకుఁ గాని నూనె యంటినచో బండి సరిగా నాఁగదు.

సోదరీమణులారా, ఈ మాటను మాత్రము మఱవకుఁడు. కిరసనాయిలును దాని డబ్బాలోనే, పేరు వ్రాసి, బిడ్డల కందని యెత్తున నుంచవలెను. శీతలపానీయపు సీసాలలోఁ బోయనేకూడదు. బిడ్డ త్రాగిన యెడల వాంతి చేయింపరాదు. వాంతితో నది యూపిరితిత్తులలోనికిఁ బోయి ప్రాణమునకే ముప్పు దెచ్చును. అప్పటికి బిడ్డ కులాసాగాఁ గనఁబడినను కొన్ని గంటలకు దగ్గు, ఆయాసము రావచ్చును. కావున వెంటనే 108కి ఫోను చేసి యాసుపత్రికిఁ గొనిపోవలెను. ఆసిడు చేతిమీఁదఁ గాని కంటఁ గాని పడినచో మంచినీటిధారతోఁ జాలసేపు కడిగి, వైద్యునికిఁ జూపవలెను.

వాడిన కిరసనాయిలును బావిదగ్గఱఁ గాని వాఁగులోఁ గాని పాఱఁబోయకుఁడు. మూఁత గల డబ్బాలో నుంచినచో మడ్డి యడుగునకు దిగి పైది తేటయగును. దానిని మరల వాడుకొనవచ్చును. జిడ్డుగుడ్డలను బొయ్యిచెంత నుంచరాదు.

తమిళనాట పుదుక్కోట జిల్లాలో 1991వ సంవత్సర ప్రాంతమున సాగిన యక్షరాస్యతోద్యమమునందు వేలకొలఁది పల్లెటూరి స్త్రీలు చదువుతోఁబాటు బైసికిలు త్రొక్కుటయు నేర్చుకొనిరి. మన పిల్లలకుఁ ద్రొక్కుట వచ్చినది. శుభ్రము చేయుటయు నేర్పుదము. ఆదివారమునాఁ డొక యరగంట తల్లియుఁ గూఁతురును గలిసి బండిదగ్గఱఁ గూర్చున్నచో, సడలిన మరయు నరిగిన లంకెయు ముందుగానే కంటఁబడును. సోమవారమునాఁడు పిల్ల నిశ్చింతగా బడికిఁ బోయి, ప్రొద్దుగూఁకకమునుపే యిల్లు చేరును.