దివిసీమ సరుకు – దేశాంతర వర్తకం

పులిగడ్డ వద్ద కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రానికి సాగుతున్నది. ఆ రెండు పాయలకు, బంగాళాఖాతానికి మధ్య నిలిచిన నేలయే దివిసీమ. దివి అనగా దీవియే. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఈ సీమలోని ముఖ్య గ్రామాలు. నాగాయలంకకు దిగువన, నదీముఖంలో, ఎదురుమొండి వంటి చిన్న దీవులు మరికొన్ని ఉన్నవి. వాటిని దీవిలోని దీవులు అనవచ్చును.

ఒక దేశానికి ఎగుమతి దిగుమతుల లెక్కలుంటవి. ఒక రేవుకు కూడా ఉంటవి. దివిసీమకు మాత్రం అట్టి ఖాతా ఏదీ లేదు. ఇచ్చటి రొయ్య విశాఖపట్నంలో ఓడ ఎక్కితే విశాఖ లెక్కలోను, ఇచ్చటి పీత చెన్నైలో విమానం ఎక్కితే చెన్నై లెక్కలోను చేరుతుంది. సరుకు పుట్టిన ఊరు పేరు ఆ కాగితాలలో మరుగుపడిపోతుంది. అయినప్పటికీ అమెరికాలోని ఒక నిర్ణయం నాగాయలంక చెరువుగట్టు మీద కొద్దిరోజులలోనే తెలిసివస్తున్నది. ఇంత చిన్న సీమకు అంత పెద్ద ప్రపంచంతో ఈ ముడి ఎట్లా పడినది? అందులో లాభమెవరిది, నష్టభయమెవరిది? ఈ ప్రసంగంలో విచారించదలచినది ఇదే.

ముడి నేటిది కాదు. దివిసీమ అంచున ఉన్న ఘంటసాల ప్రాచీనమైన బౌద్ధక్షేత్రం. క్రీస్తు శకం రెండవ శతాబ్దంలో టాలమీ తన భూగోళగ్రంథంలో పేర్కొన్న కంటకస్సిల అనే వర్తకస్థానం ఈ ఘంటసాలయే అని చరిత్రకారులు గుర్తించినారు. తరువాతి కాలంలో గోలకొండ సుల్తానుల ప్రధానమైన ఓడరేవుగా బందరు వెలసినది. 1605–06 ప్రాంతంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడికి వచ్చినారు. వారిని రప్పించినది ఈ తీరపు అద్దకపు బట్ట. తూర్పుదీవులలో మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనవలెనంటే అచ్చటివారు వెండికన్న మన నూలుబట్టను మిన్నగా కోరేవారు. అందుచేత సుగంధద్రవ్యాల వర్తకానికి కోరమాండలు తీరపు బట్టయే మూలధనమైనది. పర్షియాకు, సయాముకు కూడా అది వెళ్ళేది.

ఆ బట్టకు ఎరుపునిచ్చినది చిరివేరు. తీరపు ఇసుకనేలలలో పెరిగే చిన్న మొక్క అది. దాని వేరును త్రవ్వి, ఎండబెట్టి, దంచి, పటికతో సిద్ధపరచిన బట్టను ఆ రంగునీటిలో కాచితే ఎన్ని ఉతుకులకైనా పోని ఎరుపు పట్టేది. వేరు త్రవ్వినవాడు, నేసినవాడు, అద్దినవాడు ఓడ ఎక్కినది లేదు. ఓడ ఎక్కిన బట్ట ధరలో వారికి దక్కినది కొద్దిపాటియే.

ఆ వర్తకంపై రెండు దెబ్బలు పడినవి. రెండూ దూరదేశాల నుండియే వచ్చినవి. మొదటిది చట్టం. తమ నేతగాండ్రను కాపాడుకొనటానికి ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టలను నిషేధించినది. ఇంగ్లండు 1700లో వాటి దిగుమతిని కట్టడి చేసి, 1721లో వాటి వాడకాన్నే నిషేధించినది. రెండవది శాస్త్రం. ఎర్రరంగుకు మూలమైన అలిజరిన్ అనే పదార్థాన్ని జర్మను రసాయనశాస్త్రజ్ఞులు 1868లో ప్రయోగశాలలో తయారుచేసినారు. అది అంగడిలోకి వచ్చిన తరువాత వేరు త్రవ్వవలసిన అవసరం క్రమంగా తగ్గిపోయినది. పర్షియా గిరాకీ వలన బందరు అద్దకం మరికొంతకాలం నిలిచినది. నేటికీ బందరు, పెడన కలంకారీకి పేరున్నది. కాని చిరివేరు వర్తకం మాత్రం మళ్ళీ తలయెత్తలేదు. పార్లమెంటు ఏ చట్టం చేసినదో, ప్రయోగశాల ఏమి కనిపెట్టినదో వేరు త్రవ్వే కూలికి తెలిసే అవకాశమే లేదు. ఆ ఏడు కొనేవాడు రాలేదని మాత్రం తెలిసి ఉంటుంది.

ఈ పాత కథకు నేటి రొయ్యల వర్తకంలో పోలికలు కనిపిస్తున్నవి. 1990 తరువాత కోస్తా అంతటా ఉప్పునీటి చెరువులలో టైగరు రొయ్య పెంపకం విస్తరించినది. కొద్ది సంవత్సరాలలోనే తెల్లమచ్చ వ్యాధి వచ్చి చెరువులకు చెరువులనే తుడిచిపెట్టినది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువులపై కఠినమైన తీర్పు చెప్పినది. వ్యవసాయభూములను, మడ అడవులను చెరువులుగా మార్చరాదని అందులో ఆదేశించినది. 2005లో తీరప్రాంత జలచరాల పెంపకాన్ని నియంత్రించే చట్టం వచ్చినది. 2009లో వనామీ అనే కొత్తజాతి పెంపకానికి ప్రభుత్వం అనుమతినిచ్చినది. అమెరికా ఖండాల పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. దానితో ఆంధ్రప్రదేశ్ రొయ్యల ఉత్పత్తిలో దేశంలోకెల్ల మొదటిస్థానానికి వచ్చినది.

ఇక్కడ ఒక విశేషం గమనించవలసి ఉన్నది. రొయ్యను మనం ఎగుమతి సరుకుగానే భావిస్తాము. కాని అది చెరువులో పడకమునుపే దిగుమతి మొదలవుతుంది. వ్యాధిలేని తల్లిరొయ్యలు అమెరికా వంటి దేశాల నుండి విమానంలో చెన్నైకి వస్తవి. అక్కడ కొన్ని దినాలు వేరుగా ఉంచి పరీక్షించిన పిమ్మట హేచరీలకు చేరుతవి. హేచరీలో పుట్టిన పిల్లకు ముఖ్యమైన మేతలలో ఒకటి ఆర్టీమియా అనే చిన్నజీవి. దాని గుడ్లలో పేరుపొందిన రకం అమెరికాలోని ఉటా రాష్ట్రపు ఉప్పుసరస్సు నుండి వస్తుంది. ఈ విధంగా నాగాయలంక చెరువులోని రొయ్య పుట్టుకలోను, అమ్మకంలోను కూడా సముద్రాలు దాటిన సరుకే.

పిల్లను వదిలిన తరువాత సుమారు మూడు నాలుగు నెలలు రైతు కంటికి కునుకుండదు. నీటిలో ప్రాణవాయువు తగ్గకుండా రాత్రింబవళ్ళు ఏరేటర్లు తిరగవలెను. కరెంటు పోతే డీజిలు ఇంజను వేయవలెను. మొత్తం ఖర్చులో మేతదే పెద్దపాలు. చివరకు అమ్మకం కౌంటు మీద జరుగుతుంది. కిలోకు 30 తూగితే 30 కౌంటు, 100 తూగితే 100 కౌంటు. కౌంటు తక్కువైనకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. చెరువులో వ్యాధి లక్షణం కనిపించినదా, రొయ్య ఎదగకమునుపే పట్టివేయవలెను. ఆనాటి ధర ఎంతైనా అమ్మక తప్పదు. ధాన్యమైతే పురిలో పోసి మంచిధరకు ఎదురుచూడవచ్చును. పట్టిన రొయ్య ఐసు కరిగేలోగా చేయి మారవలెను. బేరంలో రైతు బలహీనతకు ప్రధానకారణం ఇదే.

పట్టుబడి అయిన రొయ్య కమీషను ఏజెంటు ద్వారా భీమవరం, కాకినాడ, విశాఖపట్నం వంటి చోట్లనున్న శుద్ధి కర్మాగారాలకు వెళ్ళుతుంది. అక్కడ తల తీసి, పొట్టు ఒలిచి, నరం లాగి, గడ్డకట్టించి, సున్నకు 18 డిగ్రీల దిగువ చలిలో పెట్టెలకెత్తుతారు. ఒలిచే పనిలో ఎక్కువమంది స్త్రీలు. విలువ పెరిగేది ఇక్కడినుండియే. ముడిసరుకు దివిసీమది; కూలి, శీతలగిడ్డంగి, పెట్టెమీది పేరు, ఓడ అన్నీ దీవి వెలుపలివే.

ఇప్పుడు లెక్కలు చూతము. 2022–23లో భారతదేశం 7,11,099 టన్నుల గడ్డకట్టిన రొయ్యను ఎగుమతి చేసి 548 కోట్ల డాలర్లు సంపాదించినది. 2023–24లో ఎగుమతి 7,16,004 టన్నులకు పెరిగినది. రాబడి మాత్రం 488 కోట్ల డాలర్లకు తగ్గినది. సరుకు పెరిగి సొమ్ము తగ్గటానికి కారణమేమి? దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ అనే చిన్నదేశం ఏటా పదిలక్షల టన్నులకు మించి రొయ్యను ఉత్పత్తి చేసే స్థితికి వచ్చినది. ప్రపంచపు అంగడి నిండినది, ధర జారినది. మరొక విషయం. ఆ 2023–24 సరుకులో 2,97,571 టన్నులు ఒక్క అమెరికాకే వెళ్ళినవి. అంటే ప్రతి పదిటన్నులలో నాలుగుటన్నులకు పైగా కొన్నవాడు ఒక్కడే.

కొనేవాడు ఒక్కడైనప్పుడు అతని ఇంటి నిబంధన మన ఇంటికి శాసనమవుతుంది. 2005 నుండి అమెరికా మన రొయ్యపై ఒక ప్రత్యేకసుంకం వసూలు చేస్తూ వచ్చినది. 2025లో దానికి తోడు మరికొన్ని పెంపులు వచ్చి, ఆగస్టు 27 నుండి భారతీయ సరుకులలో అధికభాగంపై అదనపు సుంకం 50 శాతానికి చేరినది. సుంకం చెల్లించేది అమెరికాలోని దిగుమతిదారు. కాని భారమంతా అతడే మోయడు. కొంత అక్కడి భోక్తపై వేస్తాడు. కొంత మన ఎగుమతిదారు ధరలో తగ్గిస్తాడు. ఎగుమతిదారు ఆ కోతను ఏజెంటు మీదికి, ఏజెంటు రైతు మీదికి నెట్టుతారు. రైతుకు నెట్టటానికి క్రింద ఎవరూ లేరు. మేత కంపెనీవాడు ధర తగ్గించడు, కౌలుదారైతే భూస్వామికి కౌలు చెల్లించక తప్పదు. అందుచేత గొలుసులో చివరివాడిపైననే తొలిబరువు పడుతుంది.

పీత విషయంలోను ఇదే రీతి. నదీముఖంలోని మడ అడవులలో పెరిగే పెద్దపీతను ప్రాణంతోనే కట్టి, తడి ఆరకుండా బుట్టలకెత్తి, చెన్నై మీదుగా విమానంలో సింగపూరు మొదలైన దేశాలకు పంపుతారు. చచ్చిన పీతకు విలువ లేదు. 2020 ఆరంభంలో చైనాలో కరోనా వ్యాధి ప్రబలి రాకపోకలు నిలిచినప్పుడు పీతల గిరాకీ ఒక్కసారిగా పడిపోయినది. వేలమైళ్ళ దూరాన అంగడి తలుపు మూసుకొంటే, మడలో వలవేసేవాని పొయ్యి చల్లబడినది.

ధర చెప్పని నష్టం మరొకటున్నది. చెరువులోని ఉప్పునీరు గట్టుదాటి ఊరితే ప్రక్క పొలంలో వరి పండదు, బావినీరు చవుడవుతుంది. ఆ నష్టం ఏ ఎగుమతి పట్టికలోను కనిపించదు. చెరువుకోసం మడను నరికితే పీతకు నర్సరీ పోతుంది, తీరానికి అడ్డుగోడ పోతుంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ సంగతి తెలిసిన సీమలో మడ అడవి విలువను డాలర్లలో చెప్పవలసిన పనిలేదు.

అట్లయితే ఈ వర్తకం వద్దనవలెనా? అది సరికాదు. దీవి ఎన్నడూ తనలో తాను మూసుకొని బ్రతుకలేదు. ఎన్నో కుటుంబాలకు ఈ చెరువులే పిల్లల చదువులు, ఇంటి పైకప్పులు. దూరదేశపు సుంకాన్ని నాగాయలంక రైతు మార్చలేడు. మార్చగలిగినవి కొన్ని ఉన్నవి; వాటిని చేజార్చుకొనరాదు.

మొదటిది నాణ్యత. నిషిద్ధమైన మందుల జాడ రొయ్యలో దొరికితే ఐరోపా, అమెరికాలు ఆ సరుకును త్రిప్పిపంపుతవి. ఒక్కని అశ్రద్ధ వలన ఆ ప్రాంతపు సరుకంతటికీ చెడ్డపేరు వస్తుంది. చెరువును రిజిస్టరు చేయించి, వేసిన మేతకు, వాడిన మందుకు లెక్క వ్రాసి ఉంచిన రైతు మాత్రమే రేపు ఐరోపావైపు ధైర్యంగా చూడగలడు. రెండవది ఐకమత్యం. పదిమంది రైతులు కలిసి ఒకే వారంలో పిల్లవదిలి, ఒకే వారంలో పట్టి, కలిసి బేరమాడితే లారీనిండా సరుకుంటుంది. లారీనిండా సరుకున్నవానికి ధర అడిగే గొంతుంటుంది. మూడవది నిలవచేసే శక్తి. దీవికి అందుబాటులో శీతలగిడ్డంగి ఉన్ననాడు రొయ్య కూడా ధాన్యంవలె కొన్నినాళ్ళు ధరకోసం ఆగగలదు. 2023 మేలో బందరులో కొత్త ఓడరేవు నిర్మాణం ఆరంభమైనది. అది పూర్తయిన తరువాత శీతలపెట్టెలను ఎక్కించే ఏర్పాటు అందులో ఉంటే, దివిసీమ సరుకు తన ఇంటిముందరి రేవునుండియే బయలుదేరవచ్చును. నాల్గవది నీరు, మడ. ఇవి మూలధనం, వీటిని అమ్ముకొని లాభమనుకొనరాదు.

చిరివేరు త్రవ్వినవానికి తన సరుకు ఎక్కడికి పోతున్నదో, ఎందుకు ఆగిపోయినదో చెప్పినవారు లేరు. నేటి రైతుకు ఆ నిస్సహాయత లేదు. అమెరికా సుంకం, ఈక్వడారు దిగుబడి, ఐరోపా పరీక్ష – ఇవి అతని ఇంటివార్తలే. పిల్ల వదలకమునుపే ఆ వార్త తెలుసుకొని, ఈసారి ఎన్ని చెరువులు నింపవలెనో, దేనిని ఖాళీగా ఆరబెట్టవలెనో నిర్ణయించుకొనటం అతని చేతిలో ఉన్నది.