మందే వేసుకోని వాళ్లకి మందు పనిచేయదా?

క్షయ ఇప్పుడే బయటపడింది. ఒక్క మాత్రైనా మింగలేదు. మరి మందుకు లొంగని క్రిములు ఎక్కడివి?

క్షయ క్రిములు కోట్లలో పెరుగుతాయి. ఆ పెరుగుదలలో ఎక్కడో ఒకటి మారిపోయి మొండిదవుతుంది. అందుకే ఒకేసారి నాలుగు మందులతో మొదలుపెట్టి ఆరు నెలలు వాడమంటారు. దగ్గు తగ్గిందని మధ్యలో ఆపేస్తే? చేలో తేలిగ్గా వచ్చే కలుపు పీకి, వేళ్లు లోతుగా దిగినవి వదిలేసినట్టే. అవే విత్తనాలు రాల్చి పక్క చేలోనూ మొలుస్తాయి. మొండి క్రిమీ అంతే. దగ్గుతో గాల్లోకొచ్చి ఇంకొకరి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. వాళ్లేం తప్పు చేశారు పాపం!

2014–16లో మన దేశంలో జరిపిన సర్వేలో కొత్త రోగుల్లో నూటికి దాదాపు ముగ్గురిలో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ అనే రెండు ముఖ్యమైన క్షయ మందులకీ లొంగని క్రిములు కనిపించాయి. అందుకే ముందే తెమడ పరీక్ష చేస్తారు. రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో సీబీనాట్ యంత్రం రెండు గంటల్లో చెప్పేస్తుంది. లొంగదని తేలితే వేరే మందులు ఇస్తారు, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే.